నారాయణుడు తిరిగివచ్చిన కొండ

పరదేశయాత్ర యనగానే మనకు మహానగరములును, మెఱుగుదీపముల యంగళ్లును దోచును. గడచిన వేసవిసెలవులలో మావారితో థాయిలాండునకు బోయినపుడు నా మనస్సునకు హత్తుకొన్నది మాత్రము నాంగ్‌రోంగ్ అను చిన్న యూరు. మన పెద్దలు సయామని వ్యవహరించిన యీ దేశమున, ఈశాన్యభాగమున, బురీరామ్ జిల్లాలో నున్నది. బ్యాంకాకునుండి బస్సులో నైదాఱు గంటల ప్రయాణము. చుట్టును వరిపొలములు. తెల్లవారుజామున సంతలో సందడి. ప్రొద్దెక్కినపిదప వీథిలో కుక్కలు తప్ప వేఱెవ్వరును గానరారు.

శాకాహారులమగుటచే మొదటిదినము భోజనమునకు బాధపడితిమి. ఆ యూరు పందికాలి వంటకమునకు బేరుపొందినదట! "జే" అను నొక్కమాట నేర్చుకొన్న తరువాత గండము గడచినది. మాంసమే కాదు, వెల్లుల్లి నీరుల్లియు లేని భోజనమునకు వారి పేరది. మన మడివంట యనుకొనుడు.

మా బస యజమానురాలిని అందఱును "పా" యని పిలుచుచుండిరి, అనగా పెద్దమ్మ. మావారు బడిపంతులని తెలియగానే యామె చేతులు జోడించి "క్రూ" అనెను. మన "గురు" శబ్దమే యది! అంత దూరమున ఆ మాట వినగానే నాకు పుట్టింటివారు పలుకరించినట్లయినది.

మఱునాడు ఫనోంరుంగ్ కొండ కేగితిమి. అది చల్లాఱిన యగ్నిపర్వతము. దానిమీద ఖ్మేరులు క్రీ. శ. 10వ శతాబ్దము మొదలు కట్టుచువచ్చిన శివాలయము గలదు. ప్రధానమందిరము 12వ శతాబ్దమునాటిది. ఆంకోర్‌వాట్ కట్టించిన రెండవ సూర్యవర్మకు బంధువగు నరేంద్రాదిత్యుడు దీనిని గట్టించెను. ఆయన కుమారుడు హిరణ్యుడు వ్రాయించిన శాసనము సంస్కృతభాషలో నున్నది. సుమారు 160 మీటర్ల రాతిబాట, దానికిరువైపుల తామరమొగ్గల స్తంభములు, ఆపై అయిదుతలల నాగులు కాపున్న వంతెన, మెట్లు. ఏప్రిల్ మొదటివారమున ఉదయసూర్యుడు వరుసగా 15 ద్వారములగుండ గర్భాలయమును దాటి ప్రసరించునట. మేము కొన్నివారములు ఆలసించితిమి. సెలవులు పంతుళ్ల చేతిలో నుండవు గదా!

తూర్పువాకిట పైని నటరాజు. ఆయన క్రింద, ద్వారబంధముమీది రాతిదూలమున శేషశాయి, నాభికమలమున బ్రహ్మ, పాదములకడ లక్ష్మి. తిక్కనగారి హరిహరనాథుడు జ్ఞప్తికి వచ్చెను. లోపలినుండి అభిషేకజలము వెడలు రాతికాలువ నేటికిని గలదు. మేము చూచిననాడు పొడిగానుండెను. చెంబెడు నీళ్లైనను బోయవలెనని నా చేతులు తహతహలాడినవి. ఇది మనది, వీరికేమి తెలియును అన్న గర్వము గూడ లోలోపల లేకపోలేదు, దాచనేల?

ఆ రాత్రి పెద్దమ్మతో, మావారి నడుమ నుంచుకొని, "ఆ దేవుడు మావాడు" అంటిని. ఆమె నవ్వి, "మాకును నారాయ్" అని యొక కథ చెప్పెను. ఆ శేషశాయి శిల 1960 ప్రాంతముల దొంగలపాలై, సముద్రములు దాటి, అమెరికాలో షికాగో కళాప్రదర్శనశాలయందు తేలినది. 1970 తరువాత థాయి పండితులు దానిని గుర్తుపట్టిరి. ఇచ్చివేయుడని ఏండ్లతరబడి ప్రజలు మొఱపెట్టిరి; పాటలు గట్టి పాడిరి. తుదకు 1988లో అది తిరిగివచ్చి యథాస్థానమున నిలిచినది. అప్పుడీమె బడికిబోవు బాలిక. ఆ పాట తమ వీథులలో మార్మ్రోగెడిదని చెప్పి, కూనిరాగముతో రెండుమాటలు వినిపించెను గూడ. నేను మఱి మాటాడలేదు. రాయి పోయినపుడు ఏడ్చినవారు వారు; ఏడ్చి తెచ్చుకొన్నవారును వారే. నేను కథ మాత్రమే యెఱుగుదును.

మూడవదినము కొండక్రింది మువాంగ్‌టాం ఆలయమునకు బోతిమి. కొండమీది గుడికన్న నా కిదియే యెక్కువ నచ్చినది. ఆవరణ నాలుగుమూలల నాలుగు కొలనులు, గోడ మలుపు ననుసరించి మూలమట్టముగా మలచినవి. వాని గట్లే నాగదేహములు, కొనలయందు పడగలు. నీటినిండ తామరలు. జనసంచార మంతగా లేదు. ఒక గృహిణి పిల్లతో వచ్చి గట్టునకు దూరముగా చాప పఱచి అన్నము పెట్టుచుండెను. ఆమె కట్టిన పట్టుబట్ట మన పోచంపల్లి నేతవలె, నూలును ముడివేసి రంగులద్ది నేసినది. దానిని నేను తేరిచూచుచుండగా నామె సిగ్గుపడి కొంగు నాచేతి కందించెను. ముడులెట్లు వేయుదురో సైగలతో చాలసేపు ముచ్చటించుకొంటిమి.

ఆ పిల్ల నా చేయి పట్టుకొని గోవర్ధనము నెత్తిన కృష్ణుని చెక్కిన ద్వారముకడకు దీసికొనిపోయెను. వ్రేలితో జూపి "నారాయ్?" అని యడిగెను.

"ఔను, నారాయ్" అంటిని.