రెండోసారి పుట్టిన పండిత

బాప్తిస్మం తీసుకున్న ఎనిమిదేళ్లకు గానీ తనకు రక్షణ దొరకలేదన్నారు పండిత రమాబాయి. ఆ ఎనిమిదేళ్లలో ఏం జరిగింది?

ఇంగ్లండ్‌లోని వాంటేజ్ అనే చిన్న పట్టణంలో 1883 సెప్టెంబర్ 29న పాతికేళ్ల మరాఠీ వితంతువు ఒకరు తన రెండేళ్ల కూతురితో సహా బాప్తిస్మం తీసుకున్నారు. వార్త పుణె చేరేసరికి దుమారం లేచింది. ఆమె సామాన్యురాలు కాదు. కలకత్తా పండితులను సంస్కృత ప్రసంగాలతో మెప్పించి 'పండిత', 'సరస్వతి' బిరుదులు అందుకున్న చిత్పావన బ్రాహ్మణ మహిళ రమాబాయి. స్వదేశంలో పలువురు దాన్ని ద్రోహమన్నారు. మిషనరీలు విజయమన్నారు. ఆమె మారిపోయారన్న విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం లేకపోయింది.

అనుమానం వచ్చింది రమాబాయికే. వాంటేజ్‌లో తనకు దొరికింది క్రైస్తవ మతమే తప్ప క్రీస్తు కాదని 1907లో ప్రచురించిన తన 'సాక్ష్యం'లో ఆమె చెప్పుకున్నారు. అసలు మార్పు మరో ఎనిమిదేళ్లకు, ఇండియాకు తిరిగొచ్చాక జరిగిందన్నారు. దానికి రిజిస్టరులో సంతకం లేదు. జ్ఞానపితరులు లేరు. ఫలానా రోజని చెప్పడానికి తేదీ కూడా లేదు.

క్రైస్తవంలో 'తిరిగి జన్మించడం' అనే భావన బయటివారికి ఎందుకు అంతుపట్టదో, కొన్నిసార్లు లోపలివారికి కూడా ఎందుకు చిక్కదో తెలుసుకోవడానికి ఆమె జీవితాన్ని మించిన ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టం.

రమాబాయి 1858లో నేటి కర్ణాటక పశ్చిమ కనుమల్లోని గంగామూలలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే ఆడవాళ్లకు సంస్కృతం నేర్పవచ్చని నమ్మి, భార్యకు నేర్పి, బంధువుల ఆగ్రహానికి గురైన పండితుడు. ఆస్తి కరిగిపోయాక ఆ కుటుంబం తీర్థయాత్రలే జీవితంగా బతికింది. గుళ్ల దగ్గర పురాణం చెప్పడం, శ్రోతలిచ్చింది తీసుకోవడం, అందులో కొంత మళ్లీ దానం చేయడం. ఎంత నదీస్నానానికి ఎంత పుణ్యం, ఎన్ని ప్రదక్షిణలకు ఎంత ఫలం అన్న లెక్కలన్నీ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

1870ల కరువులో ఆ లెక్క తప్పింది. కూలి చేసుకోవడం తెలియదు, అడుక్కోవడానికి అభిమానం అడ్డం. తిరుపతి కొండెక్కి మొక్కుకున్నా గింజ పుట్టలేదు. చివరికి చనిపోదామనే అడవిలోకి నడిచారు. పదకొండు రోజులు ఆకులు, నీళ్లు, కొన్ని అడవి పండ్లతో గడిపామని ఆమె తర్వాత రాశారు. కొద్ది నెలల వ్యవధిలో తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక ఒకరు పోయారు. మిగిలిన అన్న శ్రీనివాస్‌తో కలిసి వేల మైళ్లు నడిచి 1878లో కలకత్తా చేరారు.

బిరుదులు వచ్చింది అక్కడే. అసలు దెబ్బ తగిలిందీ అక్కడే. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ప్రోత్సాహంతో ధర్మశాస్త్రాలను, వేదాలను లోతుగా చదివిన కొద్దీ ఆమెకు ఒక సంగతి స్పష్టమైంది. గ్రంథాలు వంద విషయాల్లో విభేదించుకుంటాయి గానీ స్త్రీల సంగతి వచ్చేసరికి ఒక్కటవుతాయి. ఏ కులం ఆడదైనా సరే, ఆడదిగా ఆమెకు మోక్షం లేదు. భర్తను సేవించి, పుణ్యం కూడబెట్టి, వచ్చే జన్మలో మగవాడిగా పుడితే అప్పుడు చూడాలి. ఇది ఆమె చదువుకున్న తీరు. భక్తి సంప్రదాయాలు ఇంకోలా చెబుతాయని వాదించవచ్చు. అయితే పద్దెనిమిది వేల పురాణ శ్లోకాలు నోటికొచ్చిన మనిషి చేసిన నిర్ధారణను తేలిగ్గా కొట్టిపారేయలేం.

1880లో అన్న పోయాడు. అదే ఏడాది బిపిన్ బిహారీ అనే బెంగాలీ లాయర్‌ను కులాంతర వివాహం చేసుకున్నారు. ఆయనా 1882లో కలరాతో కన్నుమూశారు. సిల్చార్‌లోని వారి ఇంట్లో ఒకరోజు రమాబాయికి బెంగాలీలో అచ్చయిన లూకా సువార్త దొరికింది. చదివారు, ఆసక్తి కలిగింది, అంతే. వైద్యవిద్య కోసం ఇంగ్లండ్ వెళ్లాక, లండన్‌లోని ఫుల్హమ్‌లో క్రైస్తవ సన్యాసినులు 'చెడిపోయిన' ఆడవాళ్లను చేరదీసి చూసుకునే ఇల్లు ఆమెను కుదిపేసింది. మన శాస్త్రాలు దండించమన్నవారిని వీళ్లెందుకు ఆదరిస్తున్నారని అడిగితే, ఒక సన్యాసిని బావి దగ్గర సమరియ స్త్రీతో యేసు మాట్లాడిన కథ చదివి వినిపించింది. బాప్తిస్మానికి దారితీసిన ఘట్టాల్లో అది ముఖ్యమైనది.

బాప్తిస్మం అయితే తీసుకున్నారు గానీ గురువుల మాటకు తల ఊపలేదు. త్రిత్వ సిద్ధాంతంపై ప్రశ్నలు వేశారు. మన పురోహితుల కాడి కింద నుంచి అతికష్టం మీద బయటపడ్డ తాను ఇంకొకరి కాడికి మెడ వంచబోనని, తనకు ఆధ్యాత్మిక తల్లి స్థానంలో ఉన్న సిస్టర్ జెరాల్డీన్‌కు నిర్మొహమాటంగా రాశారు. ఆ ఉత్తరాలు చదివితే జాలి కలిగేది జెరాల్డీన్ మీదే.

ఇక్కడ కాస్త సిద్ధాంతంలోకి వెళ్లాలి. యోహాను సువార్త మూడో అధ్యాయంలో నికొదేము అనే పెద్దమనిషి రాత్రిపూట యేసును కలుస్తాడు. మనిషి మళ్లీ పుడితే గానీ దేవుని రాజ్యాన్ని చూడలేడన్న మాట విని, ముసలివాడు మళ్లీ తల్లి కడుపులోకి ఎలా వెళ్తాడని అమాయకంగా అడుగుతాడు. అక్కడ వాడిన 'అనోథెన్' అనే గ్రీకు మాటకు 'మళ్లీ' అని, 'పైనుంచి' అని రెండర్థాలు. నికొదేము మొదటిదే విన్నాడు. భారతీయ పాఠకుడికి తికమక ఇంకా ఎక్కువ. మనకు పునర్జన్మ తప్పించుకోవలసిన చక్రం. క్రైస్తవుడికి రెండో జన్మ లేకపోతే విముక్తే లేదు. అందుకే కాబోలు, తెలుగు క్రైస్తవులు 'పునర్జన్మ' మాటకు దూరంగా ఉండి 'తిరిగి జన్మించడం', 'నూతన జన్మ' అంటుంటారు.

ఆ జన్మ ఎప్పుడు జరుగుతుందన్నదే తగాదా. వాంటేజ్ సన్యాసినుల పాత ఆంగ్లికన్ బాటలో నీళ్లు, ప్రార్థన, దేవుడి వాగ్దానం కలిసిన బాప్తిస్మంలోనే అది జరిగిపోతుంది. పసిబిడ్డకైనా సరే. సువార్తిక వర్గాల్లో బాప్తిస్మం గుర్తు మాత్రమే. తాను పాపినని ఒప్పుకొని, తన వల్ల కాదని చేతులెత్తేసి, క్రీస్తు చేసిన దాన్నే నమ్ముకున్న క్షణంలో మనిషి కొత్తగా పుడతాడు. మన ఊళ్లలో ఈ గొడవ నేటికీ సజీవం. చిన్నప్పుడే సీఎస్ఐ చర్చిలో బాప్తిస్మమైన కుర్రాడు పెంతెకొస్తు సంఘంలో చేరి మళ్లీ నీళ్లలో మునిగితే ఇంట్లో పెద్దలు నెలల తరబడి మాట్లాడరు. 'రక్షణ పొందారా?' అన్న పలకరింపు ఒకరికి ఆప్యాయత, ఇంకొకరికి అవమానం.

ఇండియాకు తిరిగొచ్చాక రమాబాయి చేతికి విలియం హాస్లమ్ అనే ఆంగ్లికన్ పాస్టర్ ఆత్మకథ వచ్చింది. చర్చిలు కట్టించి, పూజలు జరిపించి, చివరికి ఒకరోజు తన సొంత ప్రసంగం మధ్యలోనే తానింకా మారలేదని గ్రహించి మారిన మనిషి ఆయన. చదువుతుంటే అది తన కథేననిపించింది. బాప్తిస్మం, ఉపవాసం, సేవ, నియమం అన్నీ ఉన్నాయి. మనశ్శాంతి లేదు. ఒక పుణ్యం ఖాతా మూసి ఇంకొకటి తెరిచానన్నది 1891 నాటికి ఆమెకు తట్టిన సత్యం. అర్హత అడగని దాన్నే కృప అంటారనీ, అది తన లాంటి వితంతువుకూ ఇప్పుడే, ఈ జన్మలోనే ఉందనీ అర్థమయ్యాక కలిగిన ఆనందాన్ని ఆమె పేజీల కొద్దీ రాశారు.

ఇదంతా పడమటి సరుకు అనుకుంటే పొరపాటు. పిల్లి తన కూనను నోట కరుచుకుపోయినట్టు దేవుడే జీవుణ్ని మోస్తాడా, కోతిపిల్లలా జీవుడు కూడా పట్టు బిగించాలా అని శ్రీవైష్ణవులు శతాబ్దాలుగా వాదించుకున్నదీ ఇదే. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఓటో ఈ పోలిక మీద ఏకంగా పుస్తకమే రాశాడు. వైష్ణవ భక్తుడి కూతురైన రమాబాయికి ఆ మార్గం ఎందుకు తృప్తినివ్వలేదన్నది వేరే చర్చ.

కృప ఉచితం సరే, దాన్ని పంచేవారి చేతిలో అన్నం కూడా ఉంటే? చిక్కు అక్కడే వచ్చింది. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం ఆమె తెరిచిన శారదా సదన్‌లో మతబోధ ఉండదని షరతు. రమాబాయి షరతు మీరలేదు గానీ తన గది తలుపులు తెరిచి ప్రార్థన చేసుకునేవారు. అమ్మాయిలు వచ్చి కూర్చునేవారు. సంస్థ పుణెకు మారాక తిలక్ 'కేసరి' విరుచుకుపడింది. 1893లో రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. వాళ్ల ఇబ్బంది అర్థం చేసుకోదగినదే. తల్లిదండ్రులు నమ్మి పంపిన పిల్లలు మరి.

1896-97 కరువులో ఆమె సెంట్రల్ ప్రావిన్సెస్ వెళ్లి దిక్కులేని బాలికలను తెచ్చుకున్నారు. పాతికేళ్ల కిందటి తమ అడవి రోజులు ఆమె మరిచిపోలేదు. 1900 గుజరాత్ కరువు తర్వాత పుణె జిల్లా కేడ్‌గావ్‌లోని ముక్తి సదన్‌లో సుమారు 2,000 మంది చేరారు. పదేళ్ల పిల్లకు గంజి పోసిన చేయి, సువార్త చెప్పిన నోరు ఒకరివే అయినప్పుడు ఆ పిల్ల విశ్వాసం ఎంతవరకు సొంతం? విమర్శకులు అడిగారు. విశేషమేమిటంటే రమాబాయికీ అదే బెంగ. బాప్తిస్మాల లెక్క చూసి ఆమె సంతృప్తిపడలేదు. 1905 జనవరిలో మొదలైన ప్రార్థన బృందాల కోరిక, తమతో సహా భారతీయ క్రైస్తవులంతా నిజంగా మారాలని.

ఆ జూన్ చివర్లో ముక్తిలో జరిగినదాన్ని ఉజ్జీవం అన్నారు. అమ్మాయిలు గంటల తరబడి ఏడ్చారు, పాపాలు బయటికి చెప్పుకున్నారు. ఒక పిల్ల మంటల్లో ఉన్నట్టు కనిపించి తోటి అమ్మాయి నీళ్ల బకెట్టు కోసం పరుగెత్తిందని అప్పటి కథనం. ఉన్మాదమని కొందరు మిషనరీలే ఈసడించారు. భారతీయులు తమ పద్ధతిలో ఏడుస్తారు, తమ పద్ధతిలో ప్రార్థిస్తారన్నది రమాబాయి వైఖరి. అమెరికాలో పెంతెకొస్తు ఉద్యమానికి పుట్టిల్లుగా చెప్పే అజూసా వీధి కూటాలు మొదలైంది ఆ మరుసటి ఏడాది.

మన చట్టాలకు ఈ లోపలి గొడవతో పనిలేదు. 1967 నాటి ఒరిస్సా చట్టం నుంచి ఇప్పటి వరకూ అవి బలప్రయోగం, మోసం, ప్రలోభం అనే మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నాయి. దైవాగ్రహం కలుగుతుందని భయపెట్టడం కూడా ఒరిస్సా చట్టంలో బలప్రయోగమే. ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని సుప్రీం కోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ప్రకారం మతం మారదలచినవారు కనీసం 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. రమాబాయి 1883లోనైతే ఆ ఫారం నింపగలిగేవారు. 1891లో ఏమని నింపుతారు? అప్పటికే ఆమె క్రైస్తవురాలు.

జీవితపు చివరి ఏళ్లను ఆమె బైబిలు అనువాదానికి ఇచ్చారు. వాడుకలో ఉన్న మరాఠీ బైబిలు సంస్కృత పదాలతో బరువెక్కిందని, హిందూ తాత్విక అర్థాలు మోసే మాటలు క్రైస్తవ భావాలను పక్కదారి పట్టిస్తున్నాయని ఆమె ఫిర్యాదు. సంస్కృతమే ఇంటి భాషగా పెరిగిన మనిషి, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, ముక్తి సదన్‌లోని పల్లెటూరి ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీ కోసం ఏళ్ల తరబడి వెతికారు. అక్షరాలు కూర్చిందీ, అచ్చు వేసిందీ ఆ ఆడవాళ్లే. 1921లో కూతురు మనోరమ చనిపోయినా పని ఆగలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసేనాటికి ప్రూఫులు దిద్దడం పూర్తయింది. పుస్తకం 1924లో వెలువడింది.