పతకపు అంచున ఒక పేరు

ఆంగ్లదేశపు గనికూలి మనుమడు 1914-18 మహాసంగ్రామమున తన తాత యెచ్చట పోరాడెనో యెఱుగగోరినచో లండను దస్త్రములు తిరుగవేయును. 1940 సెప్టెంబరు బాంబుదాడిలో వానిలో సగమునకు పైగా దగ్ధమయ్యెను. అయినను జనాభాలెక్కలు, చర్చిపుస్తకములు, ఊరి స్మారకశిల అతనికి మిగిలినవి.

మన చిత్తూరు, తిరుపతి సీమల కూలి మనుమని మాట యేమి? తాత బెంగుళూరులో మద్రాసు సాపర్ల దళమున చేరి మెసపొటేమియాలో మడిసెనని యింటివారు చెప్పుకొందురు. 1929లో బస్రాయందు నెలకొల్పిన స్మారకమున తెల్లసిపాయి పేరున్నది, మన సుబేదారు పేరున్నది. మన సామాన్యసిపాయి మాత్రము పటాలము క్రింద నొక అంకెలో కలిసిపోయెను. చావునకును హోదాయే! ఈ పక్షపాతమును యుద్ధసమాధుల సంఘమే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది.

ఇక మిగిలినది పతకము. సైనికునకు వెండిది, కూలిదళమువానికి కంచుది. అంచున సంఖ్య, పేరు, దళము చెక్కబడియుండును. వెండిది కఱవునాట కంసాలి మూసకు పోయియుండవచ్చును. వెలలేని కంచుదే పెట్టె యడుగున నిలిచియుండును. 1911కు పూర్వము చేరినవాడైనచో చిత్తూరునకు మాఱుగా ఉత్తర ఆర్కాటు జిల్లా క్రింద వెదకవలెను.

మా పాఠకులలో భూవసతిగలవారు తమ పొలము దున్నువారి యిండ్ల నొకమాఱు విచారింతురుగాక. ఆ అక్షరములు ఇంగ్లీషువి, మిక్కిలి సన్ననివి. భూతద్దముతో చదివి, కాగితముపై తెలుగున వ్రాసి వారి చేతికిండు.