మాట వినే యంత్రము – మన తెలుగు గొంతు



మనం నివసించే ఈ సులై పేటలో గోదాములు ఎక్కువ. సాయంకాలం పని ముగిసిన పిమ్మట మీ నాన్నలు, బాబాయిలు ఫోను చేతబట్టి ఊరిలోని తమవారికి కబురు పంపడం మీరు చూస్తూనే ఉంటారు. చదువు వచ్చినవారు అక్షరాలు కూర్చి పంపుతారు. చదువుకొనే అవకాశం కలుగని వారు మీట నొక్కి తమ మాటనే పంపుతారు. ఆ దృశ్యం చూచినప్పుడల్లా నాకు మా నాయనమ్మ గుర్తుకు వస్తారు.

ఆమె మలయాలో రబ్బరు పాలు తీసే కూలీ. మా కుటుంబం మూడు తరాలు ఆ తోటలలోనే బ్రతికింది. ఆమె తెలుగు చక్కగా మాట్లాడేవారు. అక్షరం మాత్రం రాదు. విశాఖపట్నం జిల్లాలోని పుట్టింటికి ఉత్తరం పంపాలంటే తోట కిరాణి వద్దకు వెళ్ళి, తాను చెబుతూ ఉండగా ఆయన చేత వ్రాయించుకోవలసిందే. పరాయివాని ఎదుట కడుపులోని బాధ ఎలా చెప్పగలరు? “అందరం క్షేమం, మీ క్షేమం తెలుపగలరు” అన్న మాటలు మాత్రమే ఆ కాగితంపైకి ఎక్కేవి. మాట ఉండి వ్రాత లేనివారి కష్టం ఎటువంటిదో నేను ఆమె వల్ల తెలుసుకొన్నాను.

మనిషి చెప్పిన మాటను విని, తానే వ్రాసిపెట్టే యంత్రం ఉంటే ఎంత బాగుండును! నేడు అది ఉన్నది. దానిని సాధించడానికి తొలినాళ్ళలోనే పూనుకొన్నవారిలో ఒకరు మన తెలుగువారే. వారి పేరు దబ్బల రాజగోపాల రెడ్డి. లోకం వారిని రాజ్ రెడ్డి అని పిలుస్తుంది.

వారు 1937 జూన్ 13న నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో ఒక రైతు ఇంట జన్మించారు. ఆ కుటుంబంలో కళాశాల మెట్లు ఎక్కిన మొదటి వ్యక్తి ఆయనే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అటుపిమ్మట ఆస్ట్రేలియాలో, ఆపై అమెరికాలో విద్యను కొనసాగించారు. 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. 1969లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, యంత్రానికి మాట వినడం నేర్పే పనిలో మునిగిపోయారు.

యంత్రానికి మాట నేర్పడం ఏమంత కష్టం అని మీకు తోచవచ్చును. మీరు వ్యాకరణంలో చదివిన సంధులను ఒకసారి తలచుకోండి. “అతడెక్కడున్నాడు” అని మనం ఒక్క ఊపిరిలో అంటాము. అందులో అతడు, ఎక్కడ, ఉన్నాడు అనే మూడు పదాలు ఉన్నాయి. వ్రాతలో పదాల నడుమ ఖాళీ విడిచినట్లు మాటలో విడువము. మనం సంధి విడదీయడానికి తరగతిలో ఎంత తడబడతామో, యంత్రమూ అంతే తడబడుతుంది. పైగా “పలు” వేరు, “పాలు” వేరు. ఒక్క దీర్ఘంతో అర్థమే మారిపోతుంది. ఒకరి గొంతు సన్నన, ఒకరిది బొంగురు. శ్రీకాకుళం యాస ఒక తీరు, తెలంగాణ యాస మరొక తీరు, మా తోటల తెలుగు ఇంకొక తీరు.

అయినను యంత్రం ఎలా వింటున్నదో తెలుసుకొందాము. ముందుగా మైకు మన ధ్వనిని అంకెలుగా మారుస్తుంది. సాధారణంగా సెకనుకు 16,000 అంకెలు నమోదు చేస్తారు. ఆ అంకెలను చిన్నచిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కలోను ఏ ధ్వని ఉన్నదో యంత్రం ఊహిస్తుంది. తరువాత, ఏ ధ్వనులు చేరితే ఏ పదమవుతుందో తెలిపే నిఘంటువును చూస్తుంది. చివరగా, ఏ పదం పక్కన ఏ పదం రావడం సహజమో సరిచూస్తుంది. “అమ్మ పాలు కాచింది” అన్నది సహజం. “అమ్మ పలు కాచింది” అని ఎవరూ అనరు. కనుక చెవికి సందేహం కలిగినా, వాక్యాన్ని బట్టి యంత్రం “పాలు” అనే నిర్ణయిస్తుంది. మీరు గోలగా ఉన్న తరగతిలో స్నేహితుని మాటను పోల్చుకొనేది కూడా ఇంచుమించు ఈ విధంగానే.

రాజ్ రెడ్డి గారి బృందం 1970ల నుండి ఈ మార్గంలో ఒక్కొక్క మెట్టు ఎక్కింది. హియర్‌సే అనే వ్యవస్థ వెలువడింది. 1976 నాటికి హార్పీ అనే వ్యవస్థ 1,011 పదాలను గుర్తించగలిగింది. అటుపిమ్మట కై ఫూ లీ అనే విద్యార్థి ఆయన వద్ద పరిశోధన చేసి, 1988లో స్ఫింక్స్ అనే వ్యవస్థను లోకానికి చూపాడు. దాని గొప్పతనమేమనగా, మాట్లాడేవారు ఎవరైనను, పదాల మధ్య ఆగకుండా మాట్లాడినను అది వినగలదు. అంతకు ముందు అనేక యంత్రాలకు ప్రతి మనిషి గొంతును విడివిడిగా అలవాటు చేయవలసి వచ్చేది.

అది ఎలా సాధ్యమైనది? 105 మంది మాట్లాడిన 4,200 వాక్యాలను ఆ యంత్రానికి వినిపించారు. పలువురి గొంతులు విన్న పిమ్మట, అది తాను ఎన్నడూ వినని గొంతును కూడా పోల్చుకోగలిగింది. ఈ మాటను బాగా గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉన్నది.

1994లో రాజ్ రెడ్డి గారికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిపి, కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2001లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. ఆ నడుమ, 2000 సంవత్సరంలో, మరొక మంచి పని జరిగింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు స్ఫింక్స్ రెండవ రూపాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ఓపెన్ సోర్స్ అనగా ఏమి? అమ్మ గోంగూర పచ్చడి చేసి పొరుగువారికి ఒక సీసా ఇస్తే, అది నాలుగు దినాలలో అయిపోతుంది. చేసే విధానం చెబితే వారు ఎన్నిసార్లయినా చేసుకొంటారు, తమ రుచికి తగినట్లు కారం తగ్గించుకొంటారు, మరొకరికి నేర్పుతారు. ఆ విధంగానే సాఫ్ట్‌వేరు వెనుక ఉన్న వ్రాతనంతా అందరి ఎదుట ఉంచి, చదవండి, వాడండి, మార్చండి, పంచండి అని అనుమతి ఇవ్వడమే ఓపెన్ సోర్స్.

దీని వలన మన వంటివారికి కలిగిన లాభం గొప్పది. ఒక భాషకు మాట వినే యంత్రం తయారు కావాలంటే, ఏదో ఒక సంస్థ దానిలో లాభం చూచేవరకు వేచి ఉండనక్కరలేదు. విధానం చేతిలో ఉన్నది గనుక, ఆ భాషవారే పూనుకొనవచ్చును. తరువాత స్ఫింక్స్‌ను కుదించి, చేతిలో ఇమిడే పరికరాల కొరకు పాకెట్‌స్ఫింక్స్‌ను కూడా చేశారు. నేటి యంత్రాలు స్ఫింక్స్ కంటె భిన్నమైన పద్ధతిలో నేర్చుకొంటున్నాయి. అయినను వాటికి గొంతుల ఆకలి మునుపటి కంటె హెచ్చే గాని తగ్గలేదు.

ఇంగ్లీషుకు ఆ ఆహారం సమృద్ధిగా ఉన్నది. తెలుగుకు ఇంకను చాలదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో తెలుగు మాటపై పరిశోధన సాగుతున్నది. ఆ సంస్థ పాలక మండలికి రాజ్ రెడ్డి గారే అధ్యక్షులుగా ఉండినారు. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల మాటలను సేకరించి, తయారు చేసిన సాధనాలను అందరికీ తెరచి ఉంచుతున్నది. మొజిల్లా సంస్థ 2017లో ప్రారంభించిన కామన్ వాయిస్ అనే పథకంలో ప్రపంచ ప్రజలే వాక్యాలు చదివి తమ గొంతును దానం చేస్తున్నారు.

ఆ 105 మందిని మరల తలచుకోండి. యంత్రం విన్న గొంతులనే బాగా పోలుస్తుంది. గోదావరి జిల్లాల గొంతు మాత్రమే వింటే, కరీంనగర్ నుండి వచ్చి సులైలో బరువులు మోసే మీ పెదనాన్న మాట దానికి తెలియకపోవచ్చును. పరదేశంలో పెరిగే మీ తెలుగు దానికి వింతగా తోచవచ్చును. ఎవరి గొంతు లెక్కలోకి రాలేదో, వారు మా నాయనమ్మ వలెనే మరల ఒక కిరాణి కొరకు వెదుకవలసి వస్తుంది.

కనుక ఈ వారం మీరు ఒక పని చేయండి. ఇంటిలో పెద్దవారి వద్ద కూర్చొని, బడిపుస్తకంలో లేని పది తెలుగు మాటలు వారిచే చెప్పించుకొని, నోటుపుస్తకంలో వ్రాసుకొనండి. వాటిని వారు పలికినట్లే పలకడం నేర్చుకొనండి, నవ్వకండి, దిద్దకండి. గొంతును నమోదు చేయాలనుకొంటే ముందుగా వారి అనుమతి అడగండి. గొంతు కూడా మనిషి సొత్తే, అడుగక తీసుకోరాదు. అమ్మనాన్నలకు తెలియకుండా మీ గొంతును కూడా ఎక్కడికీ పంపకండి.

వచ్చే తరగతికి ఆ పది మాటలు తీసుకొని రండి. నేను మా నాయనమ్మ మాటలు పది తెస్తాను. ఎవరి మాట ఎవరికి తెలియదో కలిసి చూద్దాము.