కాలిన ఆయిలును ఎక్కడ పోయవలయును?

దుక్కులకు ముందు ట్రాక్టరు ఇంజనుకు ఆయిలు మార్చుట మంచి యలవాటు. కాని చాంబరునుండి దింపిన నల్లని ఆయిలు ఏమగుచున్నదో చూచువారు తక్కువ. మేము చూచినంతలో అది కాలువగట్టునో, బావియొడ్డుననో నేలపాలగుచున్నది.

ఈ విషయమున మా తప్పును దాచజాలము. ఇరువది యేండ్ల క్రిందట, కంచె గుంజలకు చెదలు పట్టకుండ కాలిన ఆయిలు పూయుడని మేమే చెప్పియుంటిమి. ఒక రైతు మా మాట నమ్మి బావిచెంత గుంజలను నానబెట్టెను. వానకు ఆ ఆయిలు బావిలోనికి దిగి నీటిపై రంగుల తెట్టె కట్టినది. పశువులు ఆ నీటిని ముట్టలేదు. ఆనాటినుండి ఆ సలహా మానితిమి.

ఇంజనులో తిరిగిన ఆయిలునందు మసియు, అరిగిన లోహపు రజనును, దేహమునకు హానిచేయు కాలుడు పదార్థములును చేరును. నీటిపై పలుచని పొరగా పరచుకొని గాలిని లోనికి పోనీయదు. చేపలకు ఊపిరి సలుపదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా యేలుబడిలో (1550–1580) కట్టబడిన మన పెద్దచెరువునకు నీరు తెచ్చు వాగులలో ట్రాక్టరు కడుగుట యెంతమాత్రము తగదు. పశువుల పుండ్లకు ఈ ఆయిలు పూయుటయు, పొయ్యిలో మండించుటయు అంతే చెరుపు.

ఇక దింపు పద్ధతి. బండిని సమతలమున నిలిపి, ఇంజనును కొంచెము వేడిచేసి ఆపవలయును. వెచ్చని ఆయిలు మడ్డితో సహా జారును. మరీ కాగినచో చేయి కాలును. బోల్టు క్రింద వెడల్పు తొట్టి పెట్టుడు. ఫిల్టరును కూడ మార్చి, క్రొత్తదాని రబ్బరు చుట్టునకు కొంచెము క్రొత్త ఆయిలు రాయుడు. ఎన్ని గంటలకు మార్చవలయునో కంపెనీవారి పుస్తకమే ప్రమాణము. మన చెలకల దుమ్ములో గాలి ఫిల్టరును మాత్రము తరచుగా చూడవలయును. ఇంజనులను త్వరగా అరగదీయునది ఆ దుమ్మే.

తొట్టిలోని ఆయిలును మూత గట్టిగానుండు డబ్బాలో పోయుడు. నీరు, డీజిలు, పురుగుమందు కలిసినచో శుద్ధిచేయువారు తీసికొనరు. శుభ్రముగా నుంచినచో అది మరల కందెన నూనె యగును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనలను బట్టి, అనుమతి గల శుద్ధిశాలలకే దీనిని చేర్చవలయును. ఒక్కొక్క రైతు వద్ద కొద్దిపాటి ఆయిలే యుండును గనుక, ఊరివారందరు ఒకచోట కూడబెట్టి అట్టివారిని పిలుచుట సులభము. డబ్బాపై తేదీయు, ట్రాక్టరు నడిచిన గంటలును వ్రాసిన, మరుసటి మార్పు దినమును వెదకికొన నక్కరలేదు.