అమ్మ చీర అంచు

పోయిన అక్టోబరులో అమ్మ తెనాలి నుంచి మా జెర్సీ సిటీకి వచ్చింది. వచ్చిన రెండో వారం ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దగ్గర హడ్సన్ ఒడ్డుకి తీసుకెళ్ళాను. ఎర్రచీర, ఆకుపచ్చ అంచు, పైన నా పాత స్వెట్టరు. కెమెరా తీయగానే, చలి అంటున్నా వినకుండా, స్వెట్టరు విప్పి నా చేతిలో పెట్టింది. రెయిలింగు పట్టుకుని నిలబడింది. నది అవతల మాన్‌హట్టన్ మేడలు. ఓ పాతిక ఫోటోలు తీశాను.

రాత్రి ఇంట్లో కూచుని ఒకదాన్ని బ్లాక్ అండ్ వైట్ చేశాను. నాకు బాగానే ఉందనిపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి ఒకటే అడిగింది. "అంచేదిరా?"

నిజంగానే లేదు. చీరా, అంచూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. స్వెట్టరు విప్పిందే ఆ అంచు కోసం.

మీలో చాలామంది నాలాగే ఫోటోకి రంగు తీసేసే బటన్ ఒకటి నొక్కి ఊరుకుంటారనుకుంటాను. ఆ బటన్ వెనక సాధారణంగా ఉండే పాత లెక్క ఇది: ఎరుపులో సుమారు 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం తీసుకుని కలిపితే వచ్చేదే బూడిద. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా కనపడుతుంది కాబట్టి దానికి పెద్ద వాటా. ఈ లెక్కన 255 ఉన్న నిండు ఎరుపు 76 అవుతుంది. 130 ఉన్న ముదురు ఆకుపచ్చ కూడా 76 అవుతుంది. కంటికి ఆమడ దూరంలో ఉన్న రెండు రంగులు ఒకే గదిలో వచ్చి పడతాయి.

అందుకని ఆ బటన్ జోలికి పోకండి. లైట్‌రూమ్‌లో నలుపు తెలుపు చేసినప్పుడు ఒక్కో రంగుకీ ఒక్కో స్లైడర్ ఉంటుంది. డబ్బు పెట్టక్కర్లేని గింప్‌లో ఛానెల్ మిక్సర్ ఉంది. ఎరుపు కాస్త పెంచి, ఆకుపచ్చ కాస్త తగ్గించాను. చీర తేలికపడింది, అంచు నల్లగా పైకి తేలింది. ఇదేం కొత్త విద్య కాదు. నలుపు తెలుపు సినిమాల రోజుల్లో బట్టలకీ సెట్లకీ రంగులు ఎంచేటప్పుడు అవి తెర మీద ఎంత నలుపుగా, ఎంత తెలుపుగా పడతాయో చూసుకునేవారు. 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లే తీసిన పడవ పాట గుర్తు చేసుకోండి. ఆ వెన్నెలకి రంగు లేదని ఎవరికైనా అనిపించిందా? 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు గానీ, నాకు మాత్రం వెన్నెలంటే ఇప్పటికీ ఆ పాతదే.

ఇంకో చిక్కు అప్పుడు కనపడింది. అమ్మ జుట్టు నెరిసింది, వెనక ఆకాశం తెల్లటి మబ్బు. రంగుల ఫోటోలో ఎర్రచీర చూపుని లాగేస్తుంది కాబట్టి ఇది తెలియలేదు. రంగు పోయాక తల అంచు ఎక్కడో, మబ్బు ఎక్కడో తెలియడం లేదు. దీన్ని ఎడిటింగ్‌లో సరిచేయబోతే తల చుట్టూ గీత గీసినట్టయింది. చివరికి నేను రెండడుగులు పక్కకి జరిగి తీసిన మరో ఫోటో తీసుకున్నాను. అందులో తల వెనక ఒక వెడల్పాటి మేడ పడింది. ఆ ముదురు గోడ మీద నెరిసిన జుట్టు చక్కగా నిలిచింది. ఎడమవైపున్న బెంచీనీ చెత్తబుట్టనీ కత్తిరించేశాను.

కత్తిరించడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒక మాట. మా పక్క ఊరు హొబొకెన్‌లో 1864లో పుట్టిన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్, 1893 ఫిబ్రవరి 22న న్యూయార్క్ మంచు తుఫానులో మూడు గంటలు నిలబడి ఫిఫ్త్ ఎవెన్యూ మీద వస్తున్న ఒక గుర్రపు బండిని ఫోటో తీశాడు. అంత కష్టపడి తీసిన నెగటివులో కూడా చాలా భాగం వదిలేసి, తనకి కావలసినంతే ఉంచుకున్నాడు.

అంతా అయ్యాక ఓ చిన్న పని చేశాను. మనుషుల చర్మం ఏ ఛాయదైనా దాని రంగు నారింజ దగ్గరే ఉంటుంది. ఆ స్లైడర్ కొంచెం పైకి జరిపాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. ముడతలు కూడా తగ్గాయి. సంబరంగా పిలిచి చూపించాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెళ్ళిచూపుల ఫోటోలా ఉంది," అంది.

ఆ ఫోటో సంగతి నాకు తెలీదు. సంబంధాలకి పంపడానికి తీయించారట. స్టూడియో ఆయన నెగటివు మీద సన్నటి పెన్సిలుతో దిద్దాడు. నెగటివు మీద పెన్సిలు పడినచోట ప్రింటు తెల్లగా వస్తుంది. "తెల్లగా వచ్చిందని ఇంట్లో అందరికీ సంతోషం. మీ నాన్నగారి వాళ్ళు వచ్చి నన్ను చూసి, మళ్ళీ ఫోటో చూసి, మళ్ళీ నన్ను చూశారు. తల దించుకుని కూచున్నాను. మళ్ళీ అదే చేశావేరా."

నారింజ స్లైడర్ సున్నాకి తెచ్చేశాను. అయితే ముఖం మసకగా ఉందని నాకు మొదట ఎందుకనిపించింది? అప్పుడు అర్థమైంది, తప్పు ముఖంలో లేదు. పైనున్న ఆకాశం మరీ తెల్లగా ఉంది. తెల్ల కాగితం పక్కన పెడితే ఏ ముఖమైనా మసకే. మబ్బు ఆకాశంలో నీలం ఉండదు కాబట్టి నీలం స్లైడర్ పనిచేయదు. పైనుంచి కిందికి గ్రేడియంట్ వేసి ఆకాశం వెలుగు తగ్గించాను. నుదుటి మీదా, చెంప ఎముక మీదా అప్పటికే ఉన్న మెరుపుని మాత్రం డాడ్జ్ బ్రష్‌తో రవ్వంత పెంచాను. చామనఛాయ చామనఛాయగానే ఉంది. ముఖం మాత్రం ముందుకొచ్చింది. ముడతలన్నీ తిరిగొచ్చాయి.

ఈసారి అమ్మ చాలాసేపు చూసింది. "అంచు బాగా పడింది," అంది. ప్రింటు తీయించి ఇస్తే చీరల మధ్య పెట్టుకుని పట్టుకెళ్ళింది.

ఆ పెళ్ళిచూపుల ఫోటో ఇంకా తెనాలిలో బీరువా అడుగున ఉందట. నెగటివు ఎప్పుడో పోయింది. పెన్సిలు కింద ఉన్న ఇరవై ఏళ్ళ అమ్మ ముఖాన్ని ఏ స్లైడరూ వెనక్కి తేలేదు. మీ ఫోటోల మీద ఎన్ని ప్రయోగాలైనా చేయండి గానీ, అసలు ఫైలు మాత్రం చెరపకండి.