ఒక్క మ్యాచ్ ధర 118 కోట్లు, క్రికెట్ గేమ్ కంపెనీలో పెత్తనం ధరా అంతే

ఐపీఎల్ ప్రసార హక్కులను 2022 జూన్‌లో వేలం వేసినప్పుడు ఐదు సీజన్లకు పలికిన ధర 48,390 కోట్ల రూపాయలు. అప్పటి లెక్క ప్రకారం మ్యాచ్‌లు 410. భాగిస్తే ఒక్కో మ్యాచ్‌కు 118 కోట్లు. 2025 మార్చిలో దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్, ‘రియల్ క్రికెట్’ మొబైల్ గేమ్ తయారుచేసే పుణె సంస్థ నాటిలస్‌లో పెత్తనం చేతికొచ్చేంత వాటా కొన్నది. దానికైన ఖర్చు సుమారు 118 కోట్లు. ఒక పూట మ్యాచ్ చూపించే హక్కు ఎంతో, 2013 నుంచి క్రికెట్ గేములు చేస్తున్న కంపెనీ మీద పెత్తనమూ అంతే. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసిన నాటి నుంచి నాకు ఆశా తగ్గలేదు, బెంగా తగ్గలేదు.

వికారాబాద్‌లో, తాండూరులో నా వయసువాళ్లకు కంప్యూటర్ క్రికెట్ అంటే ‘క్రికెట్ 07’. ఈఏ స్పోర్ట్స్ కంపెనీ 1996లో మొదలుపెట్టిన వరుసలో అది ఎనిమిదోది, చివరిది కూడా. 96, 97, 99, 2000, 2002, 2004, 2005, ఆ తర్వాత 07. ఇదే కంపెనీ ఫుట్‌బాల్ గేమ్‌ను 1993 నుంచి ఏటా తెస్తూనే ఉంది. ఫిఫాతో ఒప్పందం తెగినా పేరు మార్చుకుని మరీ తెస్తోంది. క్రికెట్‌ను మాత్రం 2006 నవంబరు తర్వాత ముట్టుకోలేదు. అంటే 2026 నవంబరుకు ఇరవై ఏళ్లు.

ఆగిన సమయం చూడండి. మొదటి టీ20 ప్రపంచకప్ 2007 సెప్టెంబరులో జరిగింది, ధోనీ జట్టు గెలిచింది. మొదటి ఐపీఎల్ మ్యాచ్ 2008 ఏప్రిల్ 18న. ఈ గేమ్ వచ్చిన ఏడాదిన్నరలోపే క్రికెట్ డబ్బు లెక్కలన్నీ తారుమారయ్యాయి. సరిగ్గా ఆ మలుపు దగ్గర కంపెనీ బండి దిగిపోయింది.

ఎందుకు దిగిపోయిందో నా ఊహ నాకుంది. మా ఊళ్ల నెట్ సెంటర్లలో గంటకు పది, పదిహేను రూపాయలు ఇచ్చి ఒక కీబోర్డు మీద ఇద్దరం ఆడేవాళ్లం. కుడివైపు వాడికి బాణం మీటలు, ఎడమవైపు వాడికి అక్షరాలు. ఒక సీడీ పది కంప్యూటర్లలోకి ఎక్కేది. అది చాలావరకు కాపీ సీడీయే. 2011 జనాభా లెక్కల్లో ఈ రెండు పట్టణాలూ కలిపితే లక్ష దాటాయి. ఆ జనంలో ఈ గేమ్ ఆడని కుర్రవాడిని వెతకాలి. కానీ అమ్మకాల పుస్తకంలో మా పద్దు దాదాపు సున్నా. ఇలాంటి పట్టణాలు దేశంలో ఎన్ని ఉన్నాయో తలచుకుంటే, ఎక్కువగా ఆడిన దేశమే తక్కువగా కొన్న దేశంగా లెక్కకెక్కి ఉంటుందని నా నమ్మకం.

అయినా గేమ్ చావలేదు. దాన్ని బతికించింది అభిమానులు. ఎలాగో దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. గేమ్ ఉన్న ఫోల్డర్‌లో జెర్సీల బొమ్మలు, ముఖాలు, బ్యాట్లు, స్టేడియం బోర్డులు అన్నీ విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. ఆటగాళ్ల పేర్లు, నైపుణ్యం అంకెలు ఇంకో ఫైలులో. ఎవరో ఒక అభిమాని ఆ బొమ్మ తీసి కొత్త జెర్సీ వేస్తాడు. ఇంకొకరు పేర్ల ఫైలు తెరిచి, 2006లో లేని ఆటగాడిని చేరుస్తారు. అన్నీ కలిపి ‘ప్యాచ్’ అని పంచుతారు. పాత ఫైలు మీద కొత్తది కాపీ చేయాలి, అంతే. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 2002 నవంబరులో పుట్టాడు. గేమ్ వచ్చేనాటికి అతనికి నాలుగేళ్లు. ఇప్పుడు అదే గేమ్‌లో అతను నాలుగో స్థానంలో బ్యాటింగ్‌కు దిగుతాడంటే, జీతం భత్యం లేకుండా ఎవరో రాత్రంతా కూర్చుని చేసిన పని అది. ఇరవై ఏళ్ల కిందటి యంత్రాల కోసం రాసిన గేమ్ కాబట్టి, ఇంట్లో మూలన పడున్న పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. ఈ గేమ్‌లో కామెంటరీ చెప్పిన రిచీ బెనో 2015లో కన్నుమూశారు. ఆయన గొంతు ఇప్పటికీ మా ఊళ్లో బౌండరీ కొట్టినప్పుడు పలుకుతుంది.

ఈఏ ఖాళీ చేసిన చోట చాలామంది చేయి కాల్చుకున్నారు. 2013 నవంబరులో వచ్చిన ‘యాషెస్ క్రికెట్ 2013’ ఎంత అధ్వానంగా ఉందంటే, వారం తిరక్కుండానే అమ్మకం ఆపేసి డబ్బు వాపసు ఇచ్చారు. నిలదొక్కుకున్నది మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ ఆంట్ స్టూడియోస్ ఒక్కటే. 2014లో ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’తో మొదలుపెట్టి ‘క్రికెట్ 19’, ‘క్రికెట్ 22’, ‘క్రికెట్ 24’ మీదుగా 2025లో ‘క్రికెట్ 26’ దాకా వచ్చింది. బంతి బ్యాట్ అంచుకు తగిలి స్లిప్‌లోకి వెళ్లే తీరు, పేసర్ పరుగు, అలసట అన్నీ ఈఏ గేమ్ కంటే ఎంతో మేలు. ఇందులో నాకు రెండో మాట లేదు.

మరి మనవాళ్లకు అది ఎందుకు అంతగా ఎక్కలేదు? ఒకసారి మా వీధి పిల్లవాడికి చూపిస్తే మొదటి ప్రశ్నే ఇది: “అన్నా, ఇండ్ల సిరాజ్ ఉన్నడా?” భారత జట్టులో లేడు. బిగ్ ఆంట్ దగ్గర ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, న్యూజిలాండ్, వెస్టిండీస్ బోర్డుల అనుమతులున్నాయి. ‘క్రికెట్ 24’లో కొన్ని ఐపీఎల్ జట్లు కూడా వచ్చాయి. భారత జాతీయ జట్టు మాత్రం అసలు పేర్లతో లేదు. 2025 ఆగస్టులో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు చివరి రోజు మన పేసర్ సిరాజ్ ఐదు వికెట్ల పంట ముగించి ఆరు పరుగులతో గెలిపించాడు. ఆ స్పెల్ మళ్లీ మన చేత్తో వేయాలంటే, ఎవరో అభిమాని తయారుచేసి పెట్టిన సిరాజ్‌ను విడిగా దించుకోవాలి. దానికి గేమ్‌లోనే ఒక అకాడమీ పెట్టారు, అంతవరకు నయం.

ఒక ఆటగాడు గేమ్‌లోకి రావాలంటే అనుమతి ఒకచోట తెచ్చుకుంటే చాలదు. జట్టు పేరు, జెర్సీ, చిహ్నం బోర్డువి. మొహం, పేరు ఆటగాడివి. లీగ్ అయితే లీగ్‌దీ జట్టు యజమానిదీ కూడా. వీటిలో ఒక్కటి తప్పినా పని ఆగుతుంది. ‘క్రికెట్ 22’ అట్ట మీద ఆస్ట్రేలియా కెప్టెన్ టిమ్ పెయిన్ బొమ్మ వేశారు. వివాదంలో అతను కెప్టెన్సీ వదులుకోగానే అట్ట మార్చాల్సి వచ్చి విడుదలే వారం జరిగింది. ఒక్క బొమ్మకే అంత. అయినా మ్యాచ్‌కు 118 కోట్లు పలికే ఆటలో పదిహేను పేర్ల అనుమతి ఇరవై ఏళ్లుగా కుదరలేదంటే కష్టం వల్ల కాదు, పట్టింపు లేకపోవడం వల్లే అంటాను.

ఈలోగా మన ఊళ్లు ఫోన్‌కు మారిపోయాయి. వికారాబాద్ నుంచి తాండూరు దాదాపు 40 కిలోమీటర్లు. సాయంత్రం రైల్లో కాలేజీ పిల్లలు తలలు వంచుకుని ఆడేది పుణె వాళ్ల ‘రియల్ క్రికెట్’ లేదా చెన్నైకి చెందిన నెక్స్ట్ వేవ్ వాళ్ల ‘వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్’. ఈ చాంపియన్‌షిప్ వరుసలో మూడోది 2020లో వచ్చింది. దానికి తెలుగు కామెంటరీ కూడా ఉంది. మన హైదరాబాదీ, 28 టెస్టులాడిన వెంకటపతి రాజు ఆ వ్యాఖ్యాతల్లో ఒకరు. మెల్‌బోర్న్ చేయలేనిది చెన్నై చేసి చూపింది. నా ఆశకు మూలం ఇదే.

బెంగ కూడా ఫోన్ దగ్గరే ఉంది. రైలు దారిలో ధారూర్ దాటాక సిగ్నల్ పోతే ఆన్‌లైన్ మ్యాచ్ చేతికి రాదు. సీడీ ఉన్న రోజుల్లో కరెంటు ఉంటే చాలు. పైగా ఫోన్ గేమ్ మన సొంతం కాదు. పబ్జీని కేంద్రం 2020 సెప్టెంబరు 2న నిషేధించింది. క్రాఫ్టనే దాన్ని 2021లో ‘బీజీఎంఐ’గా తెచ్చింది. 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో కానీ తిరిగి రాలేదు. ఇప్పుడు ‘రియల్ క్రికెట్’ అదే కంపెనీ చేతిలో ఉంది. కాపీ సీడీ ఇరవై ఏళ్లు నడిచింది. ఫోన్ గేమ్ సర్వర్ ఇరవై ఏళ్లు నడుస్తుందని ఎవరు పూచీ ఇస్తారు?

ఇంకో చిక్కు ఇళ్లలో. పిల్లాడు ఫోన్‌లో క్రికెట్ అనగానే అమ్మానాన్నలు బెట్టింగ్ అనుకుంటారు, వాళ్ల భయంలో తప్పేం లేదు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, డబ్బు పెట్టి ఆడే ఆటలు ఆగాయి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు దక్కింది. మన చేతి నైపుణ్యంతో బంతి కొట్టే గేమ్‌కూ, డబ్బు పెట్టి జట్టు ఎంచుకునే యాప్‌కూ మధ్య గీత ఇప్పుడు చట్టంలో ఉంది. ఇంట్లో చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. అయితే నాణేలు కొను, ప్యాకెట్ తెరువు, మంచి బ్యాట్ పడుతుందేమో చూడు అనే తంతు గేముల్లోకి తిరిగి చేరితే ఆ గీత మళ్లీ చెరిగిపోతుంది.

నేను కోరేది పెద్ద చిట్టా కాదు. నెట్ లేకున్నా నడిచే గేమ్, ఒక్కసారి డబ్బిస్తే మనదయ్యే గేమ్, మామూలు ఫోన్‌లో, పాత కంప్యూటర్‌లో పట్టే గేమ్, అందులో అసలు పేర్లతో మన పురుషుల జట్టు, మహిళల జట్టు. ఉప్పల్ స్టేడియం, తెలుగు కామెంటరీ ఉంటే మరీ మంచిది. ప్యాచ్‌లు చేసే అభిమానులకు ఫైళ్లు తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఇరవై ఏళ్లు గేమ్‌ను మోసింది వాళ్లే. ఐపీఎల్ ప్రసార ఒప్పందం 2027 సీజన్‌తో ముగుస్తుంది. 2028 సీజన్ నుంచి హక్కులకు కొత్త వేలం ఉండాల్సిందే. టీవీకి ఒక ప్యాకేజీ, డిజిటల్‌కు ఒక ప్యాకేజీ అని గతంలో విడగొట్టిన బీసీసీఐ, ఈసారి వీడియో గేమ్ హక్కులనూ ఒక ప్యాకేజీగా పెట్టి, జాతీయ జట్టు పేర్లను దానికి జోడించి వేలం వేయాలి. ధర మ్యాచ్‌కు 118 కోట్లతో పోలిస్తే ఏమూలకీ రాదు, కొనడానికి పుణె ఉంది, చెన్నై ఉంది, మెల్‌బోర్న్ కూడా ఉంది.