యెషయా 53ను యూదులు తీసేశారా?

అపోహ: యేసును సూచిస్తుందన్న భయంతో యూదులు యెషయా గ్రంథంలోని 53వ అధ్యాయాన్ని తమ బైబిలు నుంచి తీసేశారు.

ఇది పచ్చి అబద్ధం. అచ్చయిన ఏ హెబ్రీ బైబిలు తెరిచినా ఆ అధ్యాయం ఉంటుంది. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తుకు నూరేళ్లకు పైగా ముందు రాసింది. 17 తోలు ముక్కలను కుట్టి చేసిన ఆ చుట్ట పొడవు ఏడు మీటర్ల పైమాటే. అందులో 66 అధ్యాయాలూ ఉన్నాయి, 53 కూడా. యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియం దాని ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టింది, ఎవరైనా చూడొచ్చు.

మరి ఈ మాట ఎలా పుట్టింది? యూదుల సమాజమందిరాల్లో విశ్రాంతి దినాన తోరా (మోషే ధర్మశాస్త్రం) పారాయణం అయ్యాక ప్రవక్తల గ్రంథాల నుంచి ఒక భాగం చదువుతారు. దాన్ని హఫ్తారా అంటారు. దేవాలయ విధ్వంసాన్ని తలచుకునే ఉపవాస దినం తర్వాత ఏడు వారాలు ఓదార్పు మాటలే చదువుతారు. వాటిలో ఒక వారం చదివేది యెషయా 52:12తో ముగుస్తుంది, మరుసటి వారానిది 54:1తో మొదలవుతుంది. మధ్యలో భాగం రాదు. నిజానికి ప్రవక్తల గ్రంథాల్లో చాలా భాగం హఫ్తారాలోకి అసలే రాదు. పారాయణంలో లేనంత మాత్రాన గ్రంథంలోంచి కొట్టేసినట్టా?

దీనికి తోడు మరో మాట ఉంది. ఆ అధ్యాయంలో బాధలు పడే సేవకుడు ఇశ్రాయేలు జనాంగమేనన్న వ్యాఖ్యానాన్ని 11వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన రాషి కల్పించాడని అంటారు. రాషి అలా వ్యాఖ్యానించిన మాట నిజమే, కానీ మొదటివాడు ఆయన కాదు. ఆయనకు ఎనిమిది వందల ఏళ్ల ముందే క్రైస్తవ పండితుడు ఓరిజెన్ ఇదే వాదన యూదుల నోట విన్నానని క్రైస్తవాన్ని విమర్శించిన సెల్సస్‌కు జవాబుగా రాసిన గ్రంథంలో నమోదు చేశాడు. అలాగని యూదులందరిదీ ఒకే మాట కూడా కాదు. వారి ప్రాచీన అరామిక్ అనువాదం ‘యోనాతాను తర్గూము’ ఆ సేవకుణ్ని మెస్సీయ అనే అంటుంది. అయితే బాధలను మాత్రం ఆయన మీద పెట్టదు. ఈ వాదం ఇంత పాతది, ఇంత లోతైనది. దాన్ని ‘దాచేశారు’ అనే ఒక్క ముక్కతో తేల్చేయడం రెండు సంప్రదాయాలకూ అన్యాయమే.

అసలు తేడా ఎక్కడుందో 1263 జూలైలో బార్సిలోనాలో, అరగాన్ రాజు మొదటి జేమ్స్ సమక్షంలో జరిగిన వాదంలో బయటపడింది. యూదు మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన పాబ్లో క్రిస్తియాని ఒకవైపు, రబ్బీ (యూదు మతగురువు) మోషే బెన్ నహ్మాన్ మరోవైపు. మెస్సీయ వచ్చాక జనాల మధ్య యుద్ధం ఉండదని ప్రవక్తలు చెప్పారు కదా, యేసు కాలం నుంచి నేటిదాకా లోకం హింసతో నిండే ఉందే అని రబ్బీ అడిగారు. యుద్ధవిద్య మానుకోవాల్సి వస్తే మీకూ, మీ సేనకూ ఎంత కష్టమో అని రాజుతోనే అన్నారు. ఆ సభలో అలా అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! క్రైస్తవుల సమాధానం కూడా బలహీనమైనదేమీ కాదు. మొదటి రాకలో రక్షణ, రెండో రాకలో రాజ్యం అని వారి విశ్వాసం. యూదులకు ఆ రెండో రాక అన్న భావనే లేదు. పీటముడి అక్కడుంది. రాజు రబ్బీకి 300 నాణేలు బహూకరించాడు. అయినా ఆ వాదాన్ని గ్రంథంగా రాసినందుకు రబ్బీ మీద ఫిర్యాదులు పడ్డాయి. చివరికి దేశం విడిచి 1267లో పవిత్ర భూమికి చేరారు.

ధర్మశాస్త్రం విషయంలోనూ ఇలాంటి అపోహలే.

యేసు మోషే ధర్మశాస్త్రాన్ని రద్దు చేశాడని చాలామంది క్రైస్తవులే అనుకుంటారు. రద్దు చేయడానికి రాలేదని ఆయన చెప్పినట్టు మత్తయి 5:17లోనే ఉంది. తొలి సంఘాన్ని కుదిపేసిన ప్రశ్న వేరు: యూదులు కాని విశ్వాసులు సున్నతి చేయించుకోవాలా, వద్దా? దాదాపు క్రీ.శ. 49లో యెరూషలేములో పెద్దలు కూడి, అక్కర్లేదని తేల్చారు. విగ్రహార్పితం, రక్తం, గొంతు నులిమి చంపినది, జారత్వం... ఈ నాలుగింటికి దూరంగా ఉంటే చాలన్నారు. అయినా ఆ తర్వాతే పౌలు, యూదురాలి కొడుకైన తిమోతికి సున్నతి చేయించాడు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు నేటికీ మగపిల్లలకు సున్నతి చేయిస్తారు, పంది మాంసం ముట్టరు.

లోకమంతా తోరా పాటించాలని యూదులు కోరతారన్నదీ తప్పే. 613 ఆజ్ఞలు యూదులకే. మిగతా మానవాళికి నోవహు పేరిట ఏడు నియమాలు చాలని రబ్బీల బోధ. ‘కంటికి కన్ను’ అంటే యూదులు నిజంగానే కన్ను పీకేవారన్న ఊహ ఇంకా అన్యాయం. సుమారు క్రీ.శ. 200 నాటి యూదు ధర్మ సంకలనం మిష్నా ప్రకారం గాయపరిచినవాడు అయిదు పద్దుల కింద డబ్బు చెల్లించాలి: అంగనష్టం, నొప్పి, వైద్యం, పోయిన పని, జరిగిన అవమానం.

ఈ చర్చ తెలుగు నేలకు మరీ దూరమైనది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయీము’ అనే చిన్న సమాజం ఉంది. ఒకప్పుడు చర్చికి వెళ్లిన కుటుంబాలవారు ఇప్పుడు తాము యూదులమని చెప్పుకుంటూ శనివారాన్ని విశ్రాంతి దినంగా ఆచరిస్తున్నారు.

మళ్లీ లేఖనాల పఠనం విషయానికొస్తే, 2001లో వాటికన్ బైబిలు సంఘం, అప్పటి కార్డినల్ రాట్సింగర్ ముందుమాటతో ఒక పత్రం వెలువరించింది. యూదులు తమ లేఖనాలను చదివే తీరు కూడా సాధ్యమైన పఠనమేననీ, మెస్సీయ కోసం వారి నిరీక్షణ వ్యర్థం కాదనీ అందులో రాసింది. ఆ పత్రం వాటికన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. యెషయా మీద ప్రసంగించే బోధకులు ముందు దాన్ని ఒకసారి చదవాలి.